కొబ్బరి సావుకారి కారులో కూత

ముందుగా ప్రమాణం. బరంపురం గోసాని నువాగాంలో నేను ఇన్నేళ్ళూ కూర్చున్న దుకాణం మెట్టు మీద కుడిచెయ్యి వేసి, ఎడమచేత్తో నా పాత మల్టీమీటరు పట్టుకుని, ఠాకురాణి అమ్మవారి వైపు తిరిగి చెబుతున్నాను: ఈ కింద రాసిందంతా అక్షరాలా నిజం. ఒక్క మాట కల్పించినా నా మీటరు ముల్లు ఈ జన్మలో కదలకూడదు. దానికి ముల్లు లేదు, అంకెల మీటరు కదా అని మీలో ఎవరికైనా తట్టిందంటే మీరు ఈ పనికి పనికొస్తారు. మిగతాది కూడా చదవండి.

నాకు జుట్టు ఇంకా పూర్తిగా నెరవలేదు. కానీ కార్ల కంపెనీలు పాటల పెట్టెలు తామే బిగించి పంపడం మొదలుపెట్టాక నా వృత్తి నాకంటే ముందు ముసలిదైపోయింది. దుకాణం మూశాను. ఇప్పుడు సాయంత్రాలు ఆ మెట్టు మీదే కూర్చుని, ఈ పనిలోకి కొత్తగా దిగిన కుర్రాళ్ళకు కబుర్లు చెబుతుంటాను. నేను బిగించిన స్పీకర్ల దెబ్బకు రుషికుల్యలో చేపలు ఒడ్డెక్కాయన్న మాట నేను పుట్టించింది కాదు. అది పుట్టినప్పుడు పక్కన ఉన్నాను, అంతే. ఆ కుర్రాళ్ళే ఒకరోజు, చేపల సంగతి చాలు, కొబ్బరి సావుకారి కారు సంగతి రాసిపెట్టు అన్నారు. అందుకని ఇది.

పని తెలియని వాళ్ళ కోసం ఒక్క ముక్క. కారులో పాట పెట్టి యాక్సిలరేటర్ తొక్కితే ఒక్కోసారి పాట వెనకాల సన్నని కూత లేస్తుంది. ఇంజను వేగంతో పాటు పైకెక్కుతుంది, కాలు తీస్తే దిగుతుంది. బ్యాటరీని ఛార్జి చేసే డైనమో చప్పుడు ఎక్కడో దారి తప్పి స్పీకర్లలోకి చొరబడిందన్నమాట. ఎక్కడ చొరబడిందో పట్టుకోవడమే మా పని. దానికి పద్ధతి ఒకటే. అందరినీ అనుమానించడం, ఒక్కొక్కటీ ఊడదీసి చూడడం. తీగను అనుమానించాలి, ఫ్యూజును అనుమానించాలి, కొత్తగా వచ్చిన సామానును మరీ అనుమానించాలి. ఈ పద్ధతిని మనుషుల మీద వాడే సావుకారు ఒకాయన మాకు తగిలాడు.

బరంపురం బజారులో కొబ్బరికాయలు, బెల్లం టోకున అమ్మే కుటుంబం వాళ్ళది. తాతల నాటి నుంచి ఇక్కడే ఉన్నారు. ఇంట్లో తెలుగు, కొట్లో ఒడియా, బేరంలో సైగలు. సావుకారు మంచివాడే. కాకపోతే మంచినీళ్ళిస్తే ముందు గ్లాసు అడుగు చూసేవాడు. నమస్కారం పెడితే ఆ రెండు చేతుల మధ్య ఏముందో చూసేవాడు. ఆయన కారుకు ఆ ఏడాదే నేను డిక్కీలో పాటకు బలమిచ్చే పెద్ద యాంపు, నాలుగు తలుపుల్లో నాలుగు స్పీకర్లు బిగించాను. ఫోను వస్తే అవతలి మనిషి గొంతు కూడా స్పీకర్లలోంచే వినిపించేలా ఏర్పాటు చేశాను.

బిగించిన రోజంతా పక్కన నిలబడి చూసింది ఆయన డ్రైవరు. ఆంధ్రా సరిహద్దు దగ్గరి పల్లె అతనిది. సావుకారి తండ్రి బతికున్న రోజుల నుంచి ఆ ఇంటి బండ్లే నడుపుతున్నాడు. సన్నటి మనిషి, భుజాన తువ్వాలు, బండి ఎక్కేముందూ దిగేముందూ స్టీరింగు తుడిచే అలవాటు. నేను డిక్కీ నేల మీద ఒకచోట రంగు గీకి, లోపలి ఇనుము తళతళలాడేదాకా రుద్ది, యాంపు నుంచి వచ్చే ఎర్తు తీగను అక్కడ బోల్టుతో బిగిస్తుంటే అతను వంగి చూశాడు.

"ఇదేటి బాబూ, ఇంత బాగా తోముతున్నారు?"

"ఎర్తు. దీని మీదే మొత్తం నిలబడి ఉన్నాది. ఈ యంత్రం పేణం ఎక్కడుందంటే ఇదిగో ఈ బోల్టులో ఉన్నాదనుకో."

అతను తలూపాడు. నేను కొంచెం గొప్పగా చెప్పుకున్న మాట నిజమే. వినేవాడు దొరికితే నేను స్క్రూకి కూడా వంశచరిత్ర చెబుతాను.

వానలు వెనకపట్టాక ఒకరోజు ఆ కారు మళ్ళీ మా దుకాణం ముందు ఆగింది. అద్దాలన్నీ ఎత్తి ఉన్నాయి. సావుకారు లోపలి నుంచి వేలితో రమ్మన్నాడు. ఎక్కి కూర్చున్నాను.

"మేస్త్రీ, తలుపెయ్యి."

వేశాను.

"ఇనపడతందా?"

"ఏటి సావుకారూ?"

ఆయన డ్రైవరుతో, "ఒరే, నువ్వెల్లి టీ తాగిరా" అన్నాడు. డ్రైవరు అలవాటు ప్రకారం స్టీరింగు తుడిచి దిగాడు. సావుకారు ఆ తుడవడాన్ని కూడా అదోలా చూశాడు. వేలిముద్రలు చెరిపేస్తున్నాడనుకున్నాడో ఏమో. తరవాత ఇంజను వేసి, పాట పెట్టి, పక్క సీటులోంచి కాలు చాపి యాక్సిలరేటర్ తొక్కాడు. కూత లేచింది. మామూలుగా దోమంత ఉంటుంది. ఇది శంఖం.

"డైనమో కూత ఇది" అన్నాను. "రెండు గంటల పని."

"మామూలు కూత కాదు. ఎవుడో మిషను పెట్టినాడు. నా మాటలు ఎల్లిపోతన్నాయి."

"ఎక్కడికి?"

"ఎక్కడికేటి, బజారుకి. చమఖండి తోటలో కాయకి నాను రేటు కట్టి ఇంటికొచ్చేసరికి ఎదురు కొట్టోడికి ఆ రేటు తెలిసిపోతంది. తెల్లారి ఆడు తోటోడికి పావలా ఎక్కువిచ్చి కాయంతా ఎత్తుకుపోతన్నాడు. ఈ కూత మొదలైన కాడ్నుంచే ఇది. ఇంకోటి సెప్పనా? చమఖండి దగ్గర పడితే కూత మరీ పెరుగుతాది. ఎందుకంటావు?"

"రోడ్డు గతుకులు కదా."

"కాదు. ఆడ సముద్రం. అడ్డేటీ లేదు. సిగ్నలు బాగా ఎల్తాది."

"ఎవరి మీదైనా అనుమానమా?"

"ఛ, ఎవురి మీదా లేదు." అద్దంలోంచి టీకొట్టు వైపు చూసి, "ఈ కారు తాళాలు రెండు. ఒకటి నా దగ్గరుంటాది" అన్నాడు.

రెండోది ఎవరి దగ్గరుంటుందో నేను అడగలేదు. అప్పుడే టీకొట్టు దగ్గర నుంచి డ్రైవరు మావైపు చూస్తున్నాడు. ఎందుకో నాకూ ఆ చూపు తేడాగా అనిపించింది. అనుమానం జలుబు లాంటిది. అద్దాలెత్తిన కారులో పక్కన కూర్చుంటే చాలు.

నా భాగస్వామి ఒడియా మనిషి. బ్యాటరీలు, డైనమోలు ఆయన చూసేవాడు, చప్పుళ్ళు నేను చూసేవాణ్ణి. తెలుగు బాగా మాట్లాడతాడు, కోపం వస్తే మాత్రం ఒడియాలోకి పోతాడు. నన్ను భాయినా అంటాడు, అంటే అన్నా అని; మర్యాద ముదిరితే ఎవరినైనా ఆజ్ఞా అంటాడు, అంటే అయ్యా అని. ఈ లోకంలో ఏది చెడినా దానికి కారణం నాసిరకం తీగ అని ఆయన నమ్మకం. కూత వినగానే నన్ను పక్కకు తీసుకెళ్ళాడు.

"భాయినా, నిజం చెప్పు. ఈ బండికి ఏ తీగ వేశావు?"

"మంచిదే వేశాను."

"నేను ఊళ్ళో లేని రోజు వేశావు. అందుకే అడుగుతున్నా."

"నన్నే అనుమానిస్తున్నావా?"

"ఆజ్ఞా, అనుమానం కాదు. అడుగుతున్నా."

ఆ మధ్యాహ్నం డైనమో విప్పాడు, చూశాడు, మళ్ళీ బిగించాడు. దానిలో లోపం లేదు. పాటల పెట్టె మార్చి మరొకటి పెట్టాను. కూత పోలేదు. పాటను యాంపుకు మోసుకెళ్ళే తీగ మార్చాను. పోలేదు. నా భాగస్వామి మొహంలో సంతోషం పెరుగుతోంది. ఇంతసేపూ సావుకారు కారు దిగలేదు. మేము సీటు విప్పుతుంటే పక్క సీటులోకి జరిగేవాడు, అది విప్పితే వెనక్కి పోయేవాడు. మేము లోపల ఏదైనా పెట్టేస్తామని ఆయన భయం.

అప్పుడు డాష్‌బోర్డు కింద, స్టీరింగు వెనకాల, ఒక చిన్న నల్ల డబ్బా కనిపించింది. దానికి ఎర్రదీపం. ఆరుతూ వెలుగుతూ ఉంది.

అది బండి వెనక్కి పోయేటప్పుడు గోడ దగ్గరపడితే కీ కీ మని మొత్తుకునే పరికరం తాలూకు డబ్బా. బిగించింది నేనే. ఆ మాట చెప్పబోతే సావుకారు నా నోటికి చెయ్యి అడ్డుపెట్టాడు. తన భుజం మీది తువ్వాలు తీసి డబ్బాను జాగ్రత్తగా కప్పాడు. ఆ తరవాత మాతో సైగల మీద మాట్లాడడం మొదలుపెట్టాడు. డబ్బా వైపు వేలు, చెవి వైపు వేలు, తరవాత టీకొట్టు వైపు వేలు. టీకొట్టు దగ్గర డ్రైవరు బన్ను తింటున్నాడు.

నేను ఆ డబ్బా పూర్తిగా ఊడదీసి బల్ల మీద పెట్టి చూపించాను. కూత అలాగే ఉంది. మామూలు మనిషికి అది చాలు.

"అంటే ఇలాటిది ఇంకోటి ఉన్నాదన్నమాట" అన్నాడు సావుకారు. "సూడు మేస్త్రీ. ఆదివారం చమఖండి ఎల్లాలి. మీ ఇద్దరూ రండి. ఆడికెల్లి తిరిగొచ్చేలోగా ఎవుడు ఏటి పెట్టినాడో తేల్చండి. తేల్లేదా, ఈడికి తాళం ఉండదు. నాన్న పెట్టుకున్న మనిషని ఇన్నాళ్ళూ సూసినాను."

అలా ఒక మనిషి ఉద్యోగం నా పానా మీద వచ్చి కూర్చుంది.

ఆ సాయంత్రం డిక్కీ మరోసారి చూశాను. కింద పరిచిన కార్పెట్టు అంచు ఎవరో ఎత్తి మళ్ళీ కప్పినట్టు ఉంది. నేను మడిచే తీరు అది కాదు. డ్రైవరును పిలిచాను.

"డిక్కీలో ఏదైనా ముట్టుకున్నావా?"

"లేదు బాబూ."

"తీగలు గానీ?"

"తీగల జోలికి నానెందుకు ఎల్తాను?"

కానీ చూపు నా మొహం మీద లేదు, డిక్కీ నేల మీద ఉంది. అబద్ధాలాడడం నా వృత్తి కాకపోయినా అభ్యాసం ఉంది. ఎదుటివాడు ఏదో మింగుతున్నాడని నాకు తెలిసిపోతుంది. యాంపు కదిలించి చూశాను, తీగలు లాగి చూశాను. ఎర్తు బోల్టు పానా వేసి చూశాను. గట్టిగానే ఉంది. మీటరు పెట్టి కూడా చూడాల్సింది. పెట్టలేదు. స్వయంగా నా చేత్తో గీకి బిగించిన చోటు కదా! కుర్రాళ్ళూ, ఇది రాసిపెట్టుకోండి. మనం ఊరందరినీ అనుమానిస్తాం, మన చేతిని తప్ప.

ఆదివారం పొద్దున్న బయలుదేరాం. ముందు సీటులో సావుకారు, వెనక మేమిద్దరం, ఒళ్ళో సామాను సంచి. ఛత్రపురం దాటాం. పాట వస్తోంది, పాటతో పాటు కూత వస్తోంది. సావుకారు ఏసీ కట్టేసి అద్దాలు నాలుగూ దించాడు.

"అద్దాలు దించారేటి?" అన్నాను.

"ఏసీ గాలి సప్పుడులో కూత సరిగ్గా ఇనపడదు. ఈమధ్య రోజూ ఇలాగే కూకుంటన్నాను. నాను కనిపెడతన్నట్టు ఆడికి తెలియాలి."

ఆడు అంటే ఎవరో చెప్పలేదు. స్టీరింగు దగ్గర మనిషి మెడ మాత్రం బిగుసుకుంది.

రైల్వే గేటు పడింది. మా ముందు లారీ, పక్కన మోపెడ్ల వరస, ఆటోలు. అప్పుడే సావుకారికి ఫోను వచ్చింది. చమఖండి తోట ఆసామి. కూతలో మాట వినపడక సావుకారు గొంతు పెంచాడు, మీట తిప్పి స్పీకర్లు కూడా పెంచాడు. అవతలి వాడి గొంతు నాలుగు తలుపుల్లోంచి బయటికి దూకింది. కాయ రకం, బస్తా రేటు, ఎప్పుడు ఎత్తుతారు, బండి ఎవరిది, అంతా. సావుకారు అంతకంటే గట్టిగా తన రేటు చెప్పాడు. గేటు దగ్గర మేకలు కూడా తలెత్తి చూశాయి.

ఫోను అయింది. పక్కన మోపెడ్ మీద, రెండు వైపులా కొబ్బరికాయల గోనెలు వేలాడేసుకున్న ఒకాయన వంగి కారులోకి చూశాడు.

"సావుకారూ, ఆ రేటుకైతే మా తోట కాయ కూడా ఎత్తండి. ఆడి కాయకంటే మాది పెద్దది."

సావుకారు ఉలిక్కిపడ్డాడు. "రేటు నీకెవుడు సెప్పినాడు?"

"మీ కారే సెప్పినాది బాబూ."

"నా కారా?"

"మొన్న లచ్చింవారం కూడా సెప్పినాది. ఈ గేటు దగ్గర మేమందరం మీ కారు కోసమే సూస్తాం. అది ఇనీసి మా రేట్లు కట్టుకుంటన్నాం. మీ ఎదురు కొట్టాయన మనిషి కూడా అదిగో, ఆ సెట్టు కింద టీ తాగతాడు."

గేటు లేచింది. మోపెడ్లు కదిలాయి. నా భాగస్వామి ముందుకు వంగి, ఎంతో వినయంగా సావుకారి పక్కనున్న తలుపు స్పీకరు మీద వేలితో తట్టాడు.

"ఆజ్ఞా, మిషను దొరికింది."

నేను లెక్క విడమరిచి చెప్పాను. కూత వచ్చింది, కూత వినడానికి ఏసీ కట్టారు, ఏసీ కట్టి అద్దాలు దించారు, కూత మించి వినపడడానికి గొంతు పెంచారు. రేటు వెళ్ళింది గాల్లోనే, సిగ్నల్లో కాదు. డ్రైవరు మెడ కొంచెం వదులైంది. వ్యవహారం తేలిపోయిందనే అనుకున్నాను.

సావుకారు ఆ స్పీకరును వేలితో గీకి చూశాడు.

"మాటలు అలాగే ఎల్లినాయనుకుందాం. మరి కూత ఏటి? ఎవుడు పెట్టినాడు? నాను అద్దాలు దించుతానని తెలిసే పెట్టినాడు."

నా భాగస్వామి వెనక సీటులో ఒడియాలో దేవుణ్ణి తలుచుకున్నాడు.

చమఖండిలో వలలు ఆరేసి ఉన్నాయి. పడవల దగ్గర జనం కూర్చుని వలలు బాగు చేసుకుంటున్నారు. సావుకారు కాయ చూడడానికి తోటలోకి వెళ్ళాడు. ఎటూ తోచక నేను చిట్టచివరి పని చేశాను. బ్యాటరీ దగ్గర నుంచి పొడుగాటి తీగ లాగి, కారు పక్కనుంచి డిక్కీ దాకా తెచ్చి, నా ఎర్తు బోల్టుతో సంబంధం లేకుండా నేరుగా యాంపుకు తగిలించాను. ఇంజను వేయించి, యాక్సిలరేటర్ తొక్కమన్నాను.

కూత లేదు. పాట ఒక్కటే ఉంది.

నా భాగస్వామి నా మొహంలోకి చూసి, "అంటే నీ బోల్టే, భాయినా" అన్నాడు. ఆ మాట అంత తియ్యగా ఆయన ఏనాడూ పలకలేదు.

పానా తీసి బోల్టు మీద పెట్టాను. ఇంజను ఆపి డ్రైవరు గబగబా దిగి వచ్చాడు.

"బాబూ, అది ఇప్పకండి."

"ఎందుకు?"

"ఇప్పకూడదు."

అంతదాకా సగం మనసుతో అనుమానించిన నేను అప్పుడు పూర్తి మనసుతో అనుమానించాను. పానా తిప్పాను. బోల్టు వచ్చింది, తీగ చివరి రింగు లేచింది. దాని కింద, నేను తళతళలాడేలా రుద్దిన చోట, ఎండి గట్టిపడిన పసుపు. దాని మీద కుంకుమ. నాలుగు అక్షింతలు, ఒక బంతిపూరేకు. చుట్టూ ఎర్రటి తుప్పు.

"చిల్లంగి" అన్నాడు వెనకనుంచి సావుకారు. ఎప్పుడు వచ్చాడో తెలియదు. మా వైపు చేతబడిని చిల్లంగి అంటారు. "చిల్లంగి పెట్టినార్రా నా బండికి! ఎవుడు పెట్టినాడు?"

ఆ మాట గాలికి పడవల దాకా వెళ్ళింది. వలలు వదిలేసి పదిమంది వచ్చి చుట్టూ నిలబడ్డారు. గూఢచారి డబ్బా కంటే ఇది పెద్ద నేరం. మిషను పెట్టినవాణ్ణి పని మాన్పిస్తారు. చిల్లంగి పెట్టాడన్న పేరు పడితే ఆ మనిషి ఊళ్ళోకి పోలేడు, పెళ్ళాం పిల్లలూ తలెత్తుకోలేరు.

డ్రైవరు తువ్వాలు చేతిలోకి తీసుకున్నాడు. "చిల్లంగి కాదు బాబూ. పూజ. విస్వకర్మ పూజనాడు నానే సేసాను."

"బోల్టుకి పూజేట్రా?"

"ఈ మేస్త్రీ బాబే సెప్పినారు, పేణం ఇందులో ఉన్నాదని. టైర్లకి అందరూ బొట్టెడతారు, ఇంజనుకి ఎడతారు. పేణానికి ఎవురూ ఎట్టరు. అందుకే ఇప్పి, తుడిసి, పసుపు కుంకం ఎట్టి, కొబ్బరినీళ్ళు సల్లి, మళ్ళీ గట్టిగా బిగించినాను."

అందరూ నావైపు చూశారు. నేను పానా వైపు చూశాను.

"మరి ముట్టుకోలేదన్నావు గదా, నానడిగితే?" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"మీ ఇంట్లో దేవుడి పటానికి బొట్టెడితే పటాన్ని కెలికినట్టా బాబూ?"

సావుకారు నన్ను పక్కకు జరిపి ముందుకొచ్చాడు.

"పూజ కుంకమని నమ్మకమేటి? ఎవురిచ్చారు నీకు?"

"అమ్మగారు. మీ అమ్మగారే పళ్ళెంలోంచి తీసి సేతిలో ఎట్టినారు."

"అడుగుతాను" అని సావుకారు అక్కడే కారులో కూర్చుని, ఇంజను వేసి, ఇంటికి ఫోను కలిపాడు. నా పొడుగు తీగ ఇంకా తగిలించే ఉంది. అద్దాలు నాలుగూ దించే ఉన్నాయి. ఆయనకు అదేదీ గుర్తు లేదు. ముసలావిడ గొంతు ఏ కూతా లేకుండా, గంటలా, చమఖండి తీరమంతా వినిపించింది.

"ఏట్రా?"

"అమ్మా, విస్వకర్మ పూజనాడు డ్రైవరుకి కుంకం ఇచ్చినావా?"

"ఇచ్చినాను. అయితే ఏటి?"

"ఏటని సెప్పి ఇచ్చినావు?"

"బండిలో ముఖ్యమైన సోట ఎట్టరా, నా కొడుకు దినాం అందులో తిరుగుతాడు అన్నాను. ఎట్టినాడా నేదా?"

"ఎట్టినాడు గానీ..."

"ఆడు ఎడతాడు. సెప్పిన పని సేస్తాడు, నీలాగ కాదు. ఏటి, ఆడి మీద కూడా అనుమానమేట్రా నీకు? సిన్నప్పుడు పాలు తాగరా అంటే ముందు పిల్లికి పోసి సూసీవోడివి. మీ నాన్న పోయినప్పుడు రేతిరంతా నీ పక్కన కూకున్నోడు ఆడు. సిగ్గు నేదేట్రా? అక్కడెవురు, నవ్వుతన్నారు?"

నవ్వుతున్నది పడవల వాళ్ళు. నా భాగస్వామి కారు వెనక్కి వెళ్ళి నవ్వాడు. సావుకారు మీట ఎటు తిప్పాలో తెలియక పెంచాడు, అమ్మగారు ఇంకొంచెం పెద్దగా వినిపించారు.

ఫోను అయ్యాక నేను గరుకు కాగితం తీసి ఆ చోటు మళ్ళీ రుద్దాను. పసుపూ కుంకుమా అక్షింతలూ ఒక కాగితంలోకి ఎత్తి డ్రైవరు చేతికిచ్చాను. అతను వెళ్ళి సముద్రంలో కలిపి వచ్చాడు. బోల్టు బిగించి, పొడుగు తీగ పీకేసి, ఇంజను వేసి చూశాను. కూత చచ్చిపోయింది. దర్యాప్తు ముగిసింది. పసుపూ కొబ్బరినీళ్ళూ ఇనుము మీద ఎండి గట్టిపడ్డాయి, సముద్రపు చెమ్మ తగిలి తుప్పు లేచింది, ఎర్తు సరిగ్గా ఆనలేదు, డైనమో చప్పుడు ఆ సందులోంచి దూరింది. గతుకుల్లో తీగ అదిరి కూత ఇంకా పెరిగేది. సిగ్నలూ లేదు, శత్రువూ లేడు.

సావుకారు ఇంజను కట్టేసి, బండికున్న డ్రైవరు తాళం పీకి అతనికి చాచాడు. "తీసుకోరా" అన్నాడు, గొంతు తగ్గించి. డ్రైవరు రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకున్నాడు. గేటు దగ్గర సావుకారే స్వయంగా అద్దాలెత్తాడు. బరంపురం దాకా పాటలు వింటూ వచ్చాం. నా భాగస్వామి పాటకు చేత్తో తాళం కూడా వేశాడు.

ఇప్పుడు ప్రమాణం సంగతి. మోపెడ్ ఆయన నిజం. డబ్బాకు తువ్వాలు కప్పడం నిజం. అమ్మగారి గొంతు నిజం, నమ్మకపోతే చమఖండి వెళ్ళి అడగండి, ఆ పిల్లి పాల మాట అక్కడ పిల్లలకు కూడా వచ్చు. మేకలు తలెత్తి చూడడం కూడా నిజమే, ఒక్క మేక తక్కువ కావచ్చు. నేను కల్పించింది ఒక్కటి, తాళం చాచిన తరవాతి ముక్క. డ్రైవరు తాళం అందుకోలేదు. మెట్టు మీద ఈ కథ చెప్పేటప్పుడు కుర్రాళ్ళు ఆ చోటికి వచ్చేసరికి పొట్ట పట్టుకుని నవ్వుతూ ఉంటారు. చెడగొట్టబుద్ధి కాక మొదటిసారి అలా చెప్పాను. తరవాత అలాగే అలవాటైపోయింది.

జరిగింది ఇది. సావుకారు తాళం చాచాడు. డ్రైవరు చేతులు కట్టుకున్నాడు.

"వొద్దు బాబూ. రేపు బండికి ఎక్కడైనా గీత పడినా మళ్ళీ నా మొగమే సూస్తారు. ఆ సూపుతో నడపలేను."

"ఇప్పుడు నానేటన్నానురా? తేలిపోనాది గదా."

"తేలింది. అందుకే ఎల్తన్నాను. తేలకముందు ఎల్తే చిల్లంగోడు పారిపోనాడని అందురు."

సావుకారి కాళ్ళకు కాదు, ఎవరికీ కాదు, కారు బానెట్టుకు ఒక దండం పెట్టి, ఛత్రపురం వెళ్ళే ఆటోలు ఆగేవైపు నడిచాడు. సావుకారు తాళం చాచిన చెయ్యి అలాగే ఉంచి చూశాడు. పిలుస్తాడేమో అనుకున్నాను. పిలవలేదు. ఆ డ్రైవరు ఇప్పుడు సొంతూళ్ళో అన్నగారి పొలం చూసుకుంటున్నాడని విన్నాను.

కారు నేను నడిపాను. పాట పెట్టాను. గేటు దాటాక సావుకారు వంగి చెవి తలుపుకు ఆనించాడు.

"సన్నగా ఉన్నాది గదా, మేస్త్రీ?"

"ఏటీ లేదు సావుకారూ. సుబ్బరంగా ఉన్నాది."

"నాకూ ఏమీ వినపడడం లేదు, ఆజ్ఞా" అన్నాడు వెనకనుంచి నా భాగస్వామి.

సావుకారు చెయ్యి చాచి పాట కట్టేశాడు. "ఇప్పుడు?"

"కట్టేసినాక ఏటి ఇనపడతాది?"

"నాకు ఇనపడతంది" అని అద్దం దించాడు. బరంపురం వచ్చేదాకా దించే ఉంచాడు.